ఊడిపోయే పన్నే గదా!

పాలపన్ను ఊడిన నాడు మన ఇండ్లలో ఒక చిన్న వేడుక జరుగుతుంది. ఊడిన పంటిని పిల్లవాని చేతికిచ్చి ఇంటికప్పు మీదికి విసరమంటారు. కొన్ని ఇండ్లలో దానిని పేడముద్దలో పెట్టి విసురుతారు. రాబోయే పన్ను తిన్నగా, గట్టిగా రావాలని పెద్దల కోరిక. అంత మర్యాదగా సాగనంపే ఆ పంటికి, నోటిలో ఉన్నంతకాలం మనమిచ్చే మర్యాద మాత్రం అత్యల్పం. అది నల్లబడినా, గుంతపడినా, రాత్రివేళ పిల్లవాడు బుగ్గ పట్టుకొని ఏడ్చినా మన నోట వెలువడే మాట ఒక్కటే: "ఊడిపోయే పన్నే గదా!"

మేము వైద్యులం కాము, విజ్ఞానశాస్త్ర విద్యార్థులం మాత్రమే. అయినను ఈ విషయమై కలం పట్టుటకు ఒక కారణం ఉన్నది. మా మిత్రులలో ఒకరి చెల్లెలికి ఆరేళ్ల వయస్సులో దవడపన్ను పుచ్చింది. ఇంటివారు ఒక దవాఖానకు తీసుకొని వెళ్లారు. ఒకరు తలను, ఇద్దరు చేతులను పట్టుకోగా, మత్తుసూది గుచ్చి, గిరగిర తిరిగే యంత్రంతో పంటిని తొలిచారు. ఆ వైద్యుడు తాను నేర్చిన శాస్త్రం ప్రకారం తన పని తాను చేశాడు; ఆయనను నిందించుట మా ఉద్దేశం కాదు. కాని ఆనాటి నుండి ఆ పిల్ల పంటినొప్పి అన్న మాట ఇంట్లో ఎత్తడం మానివేసింది. మరుసటి ఏడు రెండవ వైపు పన్ను పుచ్చినప్పుడు ఎవరికీ చెప్పక, ఒక ప్రక్కతోనే నములుతూ, బుగ్గ వాచి జ్వరం వచ్చేదాకా దాచుకొన్నది. చివరకు ఆ పంటిని తీసివేయక తప్పలేదు. ఒక పంటిని కాపాడిన చికిత్స, తాను పుట్టించిన భయం వలన, రెండవ పంటిని పోగొట్టింది. చికిత్స చేసినా భయమే, చేయకున్నా బాధయే అయితే ఆ పసిప్రాణానికి దారి ఏది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పాలపంటి విలువ ఎట్టిదో చూద్దాం. బిడ్డకు సుమారు ఆరవ నెలలో తొలిపన్ను మొలుస్తుంది. మూడేళ్లు నిండేసరికి మొత్తం ఇరవై పాలపళ్లు వస్తాయి. ముందరి పళ్లు ఆరేడేళ్లకే ఊడిపోతాయి. కాని వెనుక దవడపళ్లు పది, పన్నెండేళ్ల వరకు నోటిలో ఉండవలసినవి. అనగా నాలుగేళ్ల పిల్లవాని దవడపన్ను పుచ్చితే అది ఇంకా ఆరు నుండి ఎనిమిదేళ్లు పనిచేయవలసిన పన్ను. అది నమలడానికే గాక, తరువాత రాబోయే శాశ్వత దంతానికి చోటు కాచి ఉంచుతుంది. కాలం తీరకముందే దానిని తీసివేస్తే, ఆరవ ఏట దాని వెనుక మొలిచే శాశ్వత దవడపన్ను ఖాళీలోనికి ముందుకు ఒరుగుతుంది, వరుస తప్పుతుంది. పాలపంటి వేరు చివర చీముపట్టితే, ఆ క్రింద ఎముకలో రూపుదిద్దుకొంటున్న శాశ్వత దంతం పైపొర కూడ చెడిపోవచ్చు. కాబట్టి "ఊడిపోయే పన్నే" అనేది పైకి తర్కంవలె వినిపించే నిర్లక్ష్యమే గాని మరొకటి కాదు.

ఈ నిర్లక్ష్యం మన ఒక్క దేశానికి పరిమితమైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 51 కోట్లకు పైబడిన పిల్లల పాలపళ్లు పుచ్చి ఉన్నాయి. ఇందులో ఎందరు పసివారు రాత్రిళ్లు నిద్రలేక, పగలు పాఠం తలకెక్కక బాధపడుతున్నారో ఊహించుకొనవచ్చు.

పన్ను ఏల పుచ్చుతుంది? "పురుగు పట్టింది" అని మనవాళ్లంటారు. కంటికి కనిపించే పురుగు అందులో లేదు గాని, కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉన్నాయి. పంటిమీద పాచిగా పేరుకొన్న ఈ జీవులు మనం తిన్న చక్కెరను తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. కొంతసేపటికి లాలాజలం ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని కొంత తిరిగి చేరుస్తుంది. ఈ పోక, రాకలు దినదినమూ జరుగుతూనే ఉంటాయి. పోక ఎక్కువై రాక తక్కువైనప్పుడే గుంత పడుతుంది. కాబట్టి ఎంత తీపి తిన్నామన్న దానితోపాటు, ఎన్నిమార్లు తిన్నామన్నది కూడ ముఖ్యం. పడుకొనేటప్పుడు నోట పెట్టిన తీపిపాల సీసా, గంటగంటకు చేతికిచ్చే బిస్కట్టు, ఏడుపు మాన్పేందుకు ఇచ్చే చాక్లెట్టు పంటికి కోలుకొనే వ్యవధి లేకుండా చేస్తాయి. పైగా పాలపంటి పైపొర పెద్దల పంటి పైపొరకంటే పలుచన. లోపలి నరం పైకి దగ్గరగా ఉంటుంది. అందుచేత పుచ్చు త్వరగా లోనికి దిగుతుంది.

ఇందులో ఒక శుభవార్త దాగి ఉన్నది. పుచ్చుడు అనేది ఒక్కసారి మొదలైతే ఆగని అగ్నివంటిది కాదు. సూక్ష్మజీవికి చక్కెర అందకుండా చేస్తే అది ఆగిపోతుంది. మెత్తబడిన భాగం గట్టిపడడం కూడ కద్దు. నేటి మృదు చికిత్సలన్నింటికీ పునాది ఈ సత్యమే.

పూర్వపు పద్ధతి వేరు. అమెరికా దేశస్థుడైన జి.వి. బ్లాక్ ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో దంతవైద్యానికి కట్టుదిట్టమైన సూత్రాలు ఏర్పరచాడు. పుచ్చినంత భాగాన్నీ తొలిచివేయవలెను. ముందుముందు పుచ్చగల భాగాన్ని సైతం కలుపుకొని తొలవవలెను. ఆ గుంతలో లోహమిశ్రమాన్ని కూరవలెను. ఆనాటికి అది తెలివిమాలిన పద్ధతి కాదు. అప్పటి లోహమిశ్రమానికి పంటికి అంటుకొనే గుణం లేదు గనుక, గుంతను లోన వెడల్పుగా చెక్కితేనే అది నిలిచేది. కాని పెద్దల కోసం, ఆనాటి పదార్థాల కోసం ఏర్పడిన పద్ధతిని నాలుగేళ్ల పిల్లవాని పలుచని పంటికి యథాతథంగా వర్తింపజేయడమే చిక్కు తెచ్చింది. దాని ఫలితమే మనకు తెలిసిన రెండు దారులు: పట్టుకొని తొలవడం, లేదా పీకివేయడం. స్థోమత లేని ఇంటి పిల్లకు మూడవ దారి ఒకటి ఉన్నది: లవంగనూనెలో ముంచిన దూది, రేపటి వరకు ఓర్పు.

ఈ మూడింటికీ భిన్నమైన మార్గాలలో ఒకటి స్కాట్లండు దేశంలోని ఆబర్డీన్ నగరం నుండి వచ్చింది. నార్నా హాల్ అను దంతవైద్యురాలు అక్కడ సాధారణ వైద్యవృత్తిలో ఉండి, 1980ల చివరి నుండి పిల్లల పుచ్చిన దవడపళ్లకు ఒక విచిత్రమైన చికిత్స చేస్తూ వచ్చారు. ఆమె మత్తుసూది వేయలేదు. యంత్రం పట్టలేదు. పుచ్చును తొలగించనైనా లేదు. పంటికి సరిపడే స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగును ఎన్నుకొని, దానిని సిమెంటుతో నింపి, పంటిమీద పెట్టి వ్రేలితో నొక్కి, "కొరుకు నాయనా" అనేవారు. తొడుగు దిగిపోయేది. పని ముగిసేది. పళ్ల మధ్య సందు బొత్తిగా లేకపోతే, కొన్ని రోజుల ముందు చిన్న రబ్బరు వలయాలను ఇరికించి చోటు చేస్తారు. తొడుగు వేసిన తొలిరోజులలో పళ్లు కలిసేచోట కొంచెం ఎత్తుగా తోస్తుంది. కొద్ది వారాలలో అది సర్దుకొంటుంది. తరువాత పాలపన్ను తన కాలం తీరినప్పుడు తొడుగుతోసహా ఊడిపోతుంది.

ఈ మాట వినగానే సందేహం కలుగక మానదు. పుచ్చును లోపలే ఉంచి మూతపెట్టడమా? ఇంటిలో దొంగను ఉంచి తలుపు వేసినట్లు కాదా? దంతవైద్యలోకం కూడ మొదట ఇట్లే ఆశ్చర్యపోయింది. కాని ఆలోచించి చూడండి. లోపల చిక్కిన సూక్ష్మజీవికి బ్రతుకుతెరువు మన నోటి చక్కెర. తొడుగు, సిమెంటు కలిసి ఆ దారిని మూసివేస్తాయి. తిండిలేని జీవి ఆమ్లాన్ని ఎక్కడినుండి తెస్తుంది? దొంగ లోపలే ఉన్నాడు, నిజమే. కాని వానికి అన్నం అందే కిటికీ మూయబడింది.

తర్కం ఎంత చక్కగా ఉన్నా పరీక్షకు నిలువవలెను గదా! హాల్ గారు వేసిన వేయికి కొంచెం తక్కువ తొడుగుల వివరాలను పరిశీలించి 2006లో ప్రకటించారు. ఆ దేశంలోనే టేసైడ్ ప్రాంతంలో 17 మంది దంతవైద్యులు 132 మంది పిల్లలపై ఒక పరీక్ష జరిపారు. ప్రతి పిల్లవానికీ రెండు పుచ్చిన దవడపళ్లు. ఒకదానికి హాల్ తొడుగు, రెండవదానికి ఆ వైద్యుడు అలవాటుగా చేసే చికిత్స. ఏ పంటికి ఏది అన్నది చీటీ వేసినట్లు నిర్ణయించారు. ఐదేళ్ల ఫలితాలు 2011లో వెలువడ్డాయి. నొప్పి, చీము, పంటిని తీయవలసి రావడం వంటి పెద్ద వైఫల్యాలు తొడుగు వేసిన పళ్లలో నూటికి 3 మాత్రమే. మామూలు చికిత్స జరిగిన పళ్లలో నూటికి 16.5. పూరించిన పదార్థం ఊడిపోవడం వంటి చిన్న వైఫల్యాలు తొడుగులలో నూటికి 5, రెండవదానిలో 42. చికిత్స జరిగిననాడు ఏది నచ్చిందని అడుగగా నూటికి 77 మంది పిల్లలు తొడుగే నచ్చిందన్నారు. పిల్లలను ఈ విషయమై అడిగినవారున్నారన్నదే మమ్ములను మిక్కిలి ఆకర్షించిన సంగతి.

అయితే ఇది సర్వరోగ నివారిణి కాదు. పుచ్చు నరందాకా దిగి, రాత్రిళ్లు నొప్పితో లేపుతున్నప్పుడు, చిగురు వాచి చీము పట్టినప్పుడు తొడుగు వేసి మూయరాదు. పుచ్చుకు, నరానికి మధ్య ఆరోగ్యమైన పొర మిగిలి ఉన్నదని ఎక్స్-రేలో చూచుకొన్న తరువాతే వేయవలెను. అనగా ఈ మృదువైన మార్గం త్వరగా వచ్చినవారికే తెరచి ఉంటుంది. "ఊడిపోయే పన్నే గదా" అని ఆరునెలలు ఆలస్యం చేసిన తల్లిదండ్రులు తమకు తెలియకుండానే ఆ తలుపును మూసివేస్తున్నారు.

ఇటువంటివే మరి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది విద్యుచ్ఛక్తి లేని పల్లెల కోసం పుట్టినది. 1980ల మధ్యకాలంలో ఆఫ్రికాలోని టాంజానియా దేశంలో, యంత్రమూ విద్యుత్తూ లేనిచోట, చేతి పనిముట్లతోనే మెత్తబడిన భాగాన్ని గీకితీసి, పంటికి అంటుకొనే సిమెంటుతో గుంతను పూడ్చే పద్ధతిని ఆరంభించారు. ఆ సిమెంటు లండన్‌లో విల్సన్, కెంట్ అను శాస్త్రజ్ఞులు రూపొందించి 1972లో ప్రకటించిన గ్లాస్ అయొనొమర్. ఈ పద్ధతికి బల్ల, దీపం, చేతి పనిముట్లు, నేర్పుగల చేయి ఉంటే చాలు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని లోకానికి పరిచయం చేసింది.

రెండవది ఇంకను సులభం. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అను ద్రవాన్ని చిన్న కుంచెతో పుచ్చినచోట అద్దడమే. అందులోని వెండి సూక్ష్మజీవులను చంపుతుంది. ఫ్లోరైడు పంటిని గట్టిపరుస్తుంది. ఇది జపానులోని ఒసాకాలో జరిగిన పరిశోధన ఫలం. 1970 నుండి ఆ దేశంలో వాడుకలో ఉన్నది. అమెరికా ప్రభుత్వం దీనిని అనుమతించినది 2014లో మాత్రమే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర ఔషధాల జాబితాలో ఈ ద్రవాన్ని, గ్లాస్ అయొనొమర్ సిమెంటును చేర్చింది. దీనికొక లోపం ఉన్నది: మందు తగిలిన పుచ్చు భాగం శాశ్వతంగా నల్లబడుతుంది. ఇక్కడే మన తల్లులు వెనుకంజ వేస్తారు. "ఆడపిల్ల, నవ్వితే నల్లగా కనిపిస్తుంది" అంటారు. ఆ బాధను మేము తేలికగా తీసిపారవేయము. పిల్ల ముఖం తల్లికి అద్దం వంటిది. ముందరి పళ్ల విషయంలో తల్లికి ముందే చెప్పి, ఒప్పించి చేయవలసిందే. కాని వెనుక దవడలో నల్లమచ్చ ఎవరికి కనిపిస్తుంది? పుచ్చు కూడ నలుపే గదా! ఒక నలుపు పంటిని తింటుంది. మరొక నలుపు పంటిని నిలుపుతుంది. ఈ భేదాన్ని తల్లులకు ఓపికగా విప్పిచెప్పడం వైద్యుని పనిలో భాగమని మా అభిప్రాయం.

ఫ్లోరైడు అనగానే తెలుగువారికి మరొక భయం సహజం. నల్లగొండ, ప్రకాశం జిల్లాల పల్లెలలో భూగర్భజలంలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలను వంచిందో, ఎందరి పళ్లపై గోధుమరంగు చారలు వేసిందో మనమెరుగుదుము. ఆ భయం అజ్ఞానం కాదు. అనుభవం నేర్పిన పాఠం. కాని ఆ నష్టం ఏండ్ల తరబడి ప్రతిదినం కడుపులోనికి పోయిన నీటివలన కలిగింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు పుచ్చినచోట అద్దే ఒక చుక్క మందు సంగతి వేరు. పిల్లల పేస్టు విషయంలో మాత్రం మితం తప్పదు: మూడేళ్ల లోపువారికి బియ్యపుగింజంత, ఆపైన ఆరేళ్ల వరకు బఠాణీగింజంత, మ్రింగకుండా పెద్దల కంటిముందు. ఫ్లోరైడు అధికంగా ఉన్న నీరు త్రాగే గ్రామాలవారు వైద్యుని సలహా తీసుకొనుట మేలు. ఉప్పు కూరకు రుచి, ఉప్పు కషాయం వాంతి. మోతాదే మందునూ విషాన్నీ వేరుచేస్తుంది.

ఇంతవరకు మేము చెప్పినది విని, తొడుగో చుక్కమందో ఉన్నది గదా, ఇక చింతలేదని ఎవరైనా అనుకొంటే అది పొరపాటు. బ్రిటనులో మూడు నుండి ఏడేళ్ల వయస్సుగల 1,144 మంది పిల్లలపై జరిగిన మరొక పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. తొలిచి పూడ్చే పాతపద్ధతి, మూసివేసే కొత్తపద్ధతి, పుచ్చును తొలవక, మూయక నివారణ చర్యలు మాత్రమే చేపట్టుట అను మూడింటిని పోల్చారు. సుమారు మూడేళ్లలో నొప్పియో చీమో అనుభవించినవారు మూడు వర్గాలలోనూ నూటికి నలభై ప్రాంతంలోనే ఉన్నారు. చెప్పుకోదగిన భేదం కనిపించలేదు. ఈ సంగతిని దాచిపెట్టి వాదించుట న్యాయం కాదు. దీని నుండి మేము గ్రహించినవి రెండు. మృదువైన పద్ధతి వలన పిల్లవానికి అదనపు నష్టం లేనప్పుడు, తొలిచే యంత్రాన్ని ముందుగా చేతబట్టవలసిన పని ఏమున్నది? రెండవది, ఒకసారి నోట పుచ్చు పాదుకొన్న తరువాత ఏ చికిత్సయైనా వెనుకబడి పరుగెత్తుటయే. అసలు పందెం దానికి ముందే గెలువవలెను. వేపపుల్లయో, మిస్వాకో, బ్రష్షో ఏది వాడే ఇల్లయినా సరే, పిల్లవాని రాత్రి పళ్లు తోమి పడుకోబెట్టే అలవాటు, ఆ తరువాత నీళ్లు తప్ప మరేమీ నోట పెట్టని నియమం ఉండవలెను. పేస్టు ఫ్లోరైడు గలదై ఉండవలెను. ఇంతకంటే చవుకైన దంతవైద్యం లేదు.

1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ దేశంలోనే తొలి దంతవైద్య కళాశాలను నెలకొల్పిన నాటికి, నేటికి ఎంతో మార్పు వచ్చింది. కళాశాలలు పెరిగాయి, వైద్యులు పెరిగారు. కాని వారిలో అత్యధికులు పట్టణాలలోనే స్థిరపడినారు. చిన్నపిల్లలు మాత్రం అంగన్‌వాడీలలో, ఊరి బడులలో ఉన్నారు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్యబృందాలు ఆ పిల్లల వద్దకు వెళ్లి పరీక్షిస్తాయి. పరీక్షింపవలసిన వాటిలో పంటిజబ్బులు కూడ ఉన్నాయి. చూచినవారే చుక్కమందు అద్దగలిగితే, చేతి పనిముట్లతో గుంతను పూడ్చగలిగితే ఎంత బాగుండును! పుచ్చును చూచి చీటీ వ్రాసి పట్టణానికి పంపినంత మాత్రాన కూలిపని మానుకొని ఏ తల్లి బస్సెక్కగలదు? చికిత్సకు కుర్చీ, యంత్రం, విద్యుత్తు అవసరమైన రోజులలో ఆ మాటకు సాకు ఉండేది. ఇప్పుడా సాకు లేదు. దంతవైద్యుని పర్యవేక్షణలో శిక్షణ పొందినవారిని ఊరూరా పంపుట ప్రభుత్వం తలచుకొంటే సాధ్యమే.

వైద్యులకు మా విన్నపం ఒక్కటి. కుర్చీలో కూర్చున్నది పన్ను కాదు, పిల్లవాడు. వానికి మీరిచ్చే తొలి అనుభవమే జీవితాంతం దంతవైద్యునిపై నమ్మకమో, భయమో అవుతుంది. తల్లిదండ్రులకు మా విన్నపం మరొకటి. మొదటి పుట్టినరోజు నాటికే బిడ్డ పళ్లను ఒకసారి వైద్యునికి చూపండి. నెలకొకమారు పై పెదవి ఎత్తి మీరే చూడండి. చిగురు అంచున సున్నపు చారవంటి తెల్లని మచ్చ కనిపిస్తే అదే తొలి హెచ్చరిక. గుంత పడేదాకా ఆగవద్దు.

మా మిత్రుని చెల్లెలు ఇప్పుడు పెద్దదైనది. ఆనాడు నొప్పిని ఎందుకు దాచావని ఇటీవల అడిగితే, "చెబితే మళ్లీ పట్టుకొంటారు గదా" అన్నది. ఊడిపోయే పన్ను ఊడిపోయింది. ఆ మాట మాత్రం ఇంకా ఆ పిల్ల నోటిలోనే ఉన్నది. మరే పిల్ల నోటా అటువంటి మాట రాకుండా చూచే ఉపాయాలు నేడు మన చేతిలో ఉన్నాయి. వాటిని వాడుకొనే మనసు కూడ మనకు కలగాలని కోరుతున్నాము.